పాత ఇంజన్‌కు చిక్కటి ఆయిలే మందా?

లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ కారును షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే సలహా ఒకటే: "ఇంజన్ పాతదైంది సార్, ఇక 20డబ్ల్యూ-50 పోయించండి." మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని రాసి ఉన్నా ఇదే మాట. ఇందులో కొంత నిజముంది. కానీ కిలోమీటర్లను మాత్రమే చూసి ఆయిల్ మార్చడం వల్ల బాగున్న ఇంజన్లు కూడా పాడవుతున్నాయి. అసలు చూడాల్సిన అంకె వేరే ఉంది: మీ ఇంజన్ వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ తాగుతోంది?

ముందుగా డబ్బా మీది అంకెల సంగతి. ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ 'జే300' ప్రమాణం ప్రకారం ఈ గ్రేడులు నిర్ణయిస్తారు. డబ్ల్యూ అంటే వింటర్. గడ్డకట్టే చలిలోనూ స్టార్టర్ ఇంజన్‌ను తిప్పగలిగేంత పలచగా ఆయిల్ ఉందా అని 5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. ఆ లెక్కన మొదటి అంకెతో మనకు పనే లేదనిపిస్తుంది. కానీ పని ఉంది.

ఆయిల్ కంపెనీలు తమ డేటా షీట్లలో రెండు ఉష్ణోగ్రతల దగ్గర చిక్కదనం ఇస్తాయి. 40 డిగ్రీల దగ్గర 5డబ్ల్యూ-30 దాదాపు 65 సెంటీస్టోక్స్ ఉంటుంది. 15డబ్ల్యూ-40 సుమారు 110, 20డబ్ల్యూ-50 సుమారు 160. ఆయిల్ వేడెక్కి 100 డిగ్రీలకు చేరాక ఇవే వరుసగా పదిన్నర, పద్నాలుగున్నర, పద్దెనిమిది దగ్గర ఆగుతాయి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఎండలో నిలబెట్టిన బండిలో కూడా ఆయిల్ ఇంచుమించు 40 డిగ్రీలే. 5డబ్ల్యూ-30 కోసం తయారైన ఇంజన్ వేడెక్కాక పది, పన్నెండు సెంటీస్టోక్స్‌తో పనిచేస్తుంది. అంటే తాళం తిప్పిన క్షణాన 5డబ్ల్యూ-30 అయినా అవసరానికి ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే పదిహేను రెట్లు! డిసెంబర్ తెల్లవారుజామున ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

అంత చిక్కటి ఆయిల్‌ను పంపు తోస్తే ప్రెజర్ అమాంతం పెరుగుతుంది. అప్పుడు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్‌ను పైకి పోనివ్వకుండా వెనక్కి మళ్లిస్తుంది. ఫిల్టర్‌లోని బైపాస్ వాల్వ్ కూడా తెరుచుకుంటే, వడపోత లేని ఆయిలే బేరింగులకు చేరుతుంది. ప్రెజర్ బాగుంది కదా అని సంబరపడటానికి లేదు. ప్రెజర్ ఎక్కువైనంత మాత్రాన ఆయిల్ ఎక్కువ పారుతున్నట్టు కాదు. గత పదీ పదిహేనేళ్లలో వచ్చిన చాలా ఇంజన్లలో వాల్వ్ టైమింగ్‌ను మార్చే వీవీటీ, చైన్ టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెజర్‌తోనే కదులుతాయి. వాటి సన్నటి దారులు పలచటి ఆయిల్‌కు తగ్గట్టు చేసినవి. అంబాసిడర్ కాలం ఇంజన్లకు నప్పిన అలవాటు వీటికి నప్పదు.

మరి పాత ఇంజన్ ఆయిల్ ఎందుకు తాగుతుంది? బోర్ అరిగిపోయిందనే మాట ముందు వినిపిస్తుంది గానీ, సరిగ్గా సర్వీసింగ్ జరిగిన ఇంజన్‌లో లక్షన్నరకే బోర్ పాడవడం తరచుగా జరిగేది కాదు. పిస్టన్ మీద అన్నిటికన్నా కింద ఉండే ఆయిల్ రింగు కార్బన్ పట్టి బిగుసుకుపోవడం ఎక్కువ. దాని పని సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపడం. అది కదలకపోతే ఆయిల్ పైకి చేరి కాలిపోతుంది. రెండో కారణం, ఎండి గట్టిపడిన వాల్వ్ సీళ్లు. మూడోది, ఇంజన్ లోపల పోగయ్యే వాయువులను మళ్లించే పీసీవీ వాల్వ్ మూసుకుపోవడం. ఇది చవకలో పోయే చిన్న భాగం, అందుకే దీన్నే ముందు చూపించుకోవాలి. చిక్కటి ఆయిల్ వీటిలో దేన్నీ బాగుచేయదు, కాలిపోయే వేగాన్ని కొంత తగ్గిస్తుందంతే.

పొగను బట్టి కొంత పోల్చుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. శ్రీశైలం ఘాట్ దిగుతూ చాలాసేపు యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తొక్కగానే పొగ వచ్చినా అంతే. ఎక్కుడులో లాగుతున్నంతసేపూ పొగ వస్తుంటే రింగులు. పొగ కనిపించలేదని నిశ్చింతగా ఉండకండి. క్యాటలిటిక్ కన్వర్టర్ కొంత ఆయిల్ పొగను కాల్చేసి కంటికి కనిపించకుండా చేస్తుంది. ఆయిల్ తగ్గడం మాత్రం ఆగదు.

కాబట్టి కొలవాలి. చదునైన చోట బండి ఆపి, తెల్లవారి స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ తీసి, పై గీత దాకా ఆయిల్ నింపండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే చోట, అదే వేళకు, పై గీతకు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలిచి పోయండి. కొలగ్లాసు లేకపోతే పోయకముందూ పోశాకా డబ్బాను వంటింటి త్రాసు మీద పెట్టండి. వంద మిల్లీలీటర్ల ఆయిల్ బరువు సుమారు 86 గ్రాములు. ఒక్కసారితో తేల్చేయకుండా రెండు మూడు సార్లు చూడండి.

వంద మిల్లీలీటర్ల లోపు వస్తే, ఓడోమీటర్‌లో ఎంతున్నా సరే, మాన్యువల్ గ్రేడు వదలొద్దు. ఈ మాట గట్టిగానే చెబుతాను. రెండు మూడు వందలు వస్తే ఒక మెట్టు ఎక్కొచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని మెట్టు ఒకటుంది. 150 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో ఆయిల్ పొర ఎంత నిలుస్తుందో చూసే పరీక్షలో 30 గ్రేడుకు ఎస్‌ఏఈ అడిగే కనీస విలువ 2.9. కానీ అదే 5డబ్ల్యూ-30లో యూరప్ ప్రమాణం ఏసీఈఏ సీ3 లేదా ఏ3/బీ4 అని రాసి ఉన్న ఆయిళ్లకు కనీసం 3.5 ఉండాలి. స్టార్టింగ్‌లో పలచదనం పోకుండానే వేడిలో బలం వస్తుంది. అదీ చాలకపోతే 5డబ్ల్యూ-40. అంతకుమించి వెళ్లేముందు మాన్యువల్‌లో అనుమతించిన గ్రేడుల పట్టిక చూడండి. అందులో లేని 20డబ్ల్యూ-50 జోలికి పోవద్దు.

'హై మైలేజ్' అని రాసిన డబ్బాలూ దొరుకుతాయి. అమెరికాలో వాల్వోలిన్ కంపెనీ 2000లో మ్యాక్స్‌లైఫ్ పేరుతో ఈ రకం మొదలుపెట్టింది. 75,000 మైళ్లు, అంటే సుమారు 1.2 లక్షల కిలోమీటర్లు దాటిన బండ్లకని అమ్ముతారు. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ప్రమాణాల్లో 'హై మైలేజ్' అనే వర్గమే లేదు కాబట్టి ఆ హద్దు అమ్మేవాళ్లు పెట్టుకున్నదే. అయితే ఇందులో సరుకు లేకపోలేదు. గట్టిపడిన రబ్బరు సీళ్లను కాస్త మెత్తబరిచే రసాయనాలు, మడ్డిని కడిగే పదార్థాలు ఎక్కువ ఉంటాయి. సీలు దగ్గర చెమ్మగిల్లినట్టు కారే ఆయిల్‌కు ఇది పనికొస్తుంది. చిరిగిన సీలుకు పనికిరాదు, సీలు మార్చాల్సిందే.

గ్రేడు కన్నా ఎక్కువ మేలు చేసేది ఆయిల్ మార్చే గడువు. పది వేల కిలోమీటర్లను హైవే మీద గంటకు 60 సగటున నడిపితే ఆయిల్ 167 గంటలు పనిచేస్తుంది. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో సగటు 15 అయితే అదే పది వేలకు 667 గంటలు, నాలుగు రెట్లు! అరిగిన రింగుల పక్కనుంచి కాలిన వాయువులు, కాలని పెట్రోలు కిందికి జారి ఆయిల్‌లో కలుస్తూనే ఉంటాయి. సిటీలోనే తిరిగే పాత బండికి ఐదు వేలకే మార్చడం మంచిది. అంతకుముందు సర్వీసింగ్‌లు సరిగ్గా జరగక మడ్డి పేరుకున్న ఇంజన్ అయితే, మంచి సింథటిక్ పోసి మొదటిసారి రెండు మూడు వేలకే తీసేయాలి. కరిగిన మడ్డి ఫిల్టర్‌కు అడ్డుపడకుండా ఉంటుంది.

డీజిల్ బండ్లకు ఇంకో జాగ్రత్త. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 డీజిళ్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటే, కాలాక తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే కావాలి. సీ3లో ఆ బూడిద 0.8 శాతం మించకూడదు. లారీలకు పోసే పాత సీఐ-4 ఆయిల్ చవకగా దొరికిందని పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో చేరి మళ్లీ బయటికి రాదు. బైక్‌లకైతే డబ్బా మీద జపాన్ ప్రమాణం జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు.

ఇక ఇంజన్ ఎప్పుడు విప్పాలి? వెయ్యికి 300 మిల్లీలీటర్లు తాగే బండికి పది వేలకు మూడు లీటర్లు పోయాలి. లీటరు 500 రూపాయలనుకుంటే 1,500. రింగులు మార్చే ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి నెలకు రెండుసార్లు డిప్‌స్టిక్ చూసుకుంటూ పోస్తూ నడుపుకోవచ్చు. అదే వెయ్యికి లీటరుకు చేరితే లెక్క తిరగబడుతుంది. చాలా కార్లలో డిప్‌స్టిక్ రెండు గీతల మధ్య ఉండేది దాదాపు ఒక లీటరే. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లొస్తే ఆయిల్ కింది గీతకు చేరుతుంది. కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, ఆ భాగం కొనాలంటే రింగుల ఖర్చే చిన్నదనిపిస్తుంది. ఆ దశలో గ్రేడుల చర్చ ఆపి, ముందు కంప్రెషన్ చెక్ చేయించండి. నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే ఇంజన్ విప్పనివ్వండి.