బూడిద నుంచి జియోలైట్: రొయ్యల గుంటలో నిజంగా పనిచేస్తుందా?

కొత్త ఫోన్ బాక్సుల్లో ఛార్జర్ రావడం తగ్గిపోయింది కానీ, చాలా గ్యాడ్జెట్లతో సిలికా జెల్ ప్యాకెట్ మాత్రం ఇంకా వస్తూనే ఉంది. ఆ గింజల నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. గాలిలోని తేమ వాటి గోడలకి అంటుకుపోతుంది. దీన్నే అధిశోషణం అంటారు. వాటర్ ప్యూరిఫైయర్‌లో కార్బన్ ఫిల్టర్ చేసే పనీ ఇదే. కోవిడ్ టైంలో అందరం వెతికిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌లో గాలి నుంచి నైట్రోజన్‌ని పట్టి ఆపేది జియోలైట్ అనే ఇంకో రంధ్రాల పదార్థం.

ఈ జియోలైట్‌ని థర్మల్ ప్లాంట్ బూడిదతో కూడా చేయొచ్చు. మా నెల్లూరు వాళ్లకి ఇది దూరపు సంగతి కాదు. ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లతో. అదే మండలంలో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది. చుట్టుపక్కల రొయ్యల గుంటలున్నాయి. గుంటల్లో అమ్మోనియా తగ్గించడానికి రైతులు బస్తాల లెక్కన చల్లేది కూడా జియోలైటే. ఆక్వా షాపుల్లో దొరికేది సాధారణంగా గనుల్లోంచి తీసిన సహజ రకం.

బూడిద ఎలా మారుతుంది?

మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఆ ఫ్లై యాష్‌ని మైక్రోస్కోప్‌లో చూస్తే చిన్న చిన్న గాజు గోళీల్లా కనిపిస్తుంది. ఉండేది ముఖ్యంగా సిలికా, అల్యూమినా. జియోలైట్‌కి కావాల్సిన ముడిసరుకు కూడా అదే, కాకపోతే అణువుల అమరిక వేరు. బూడిదని కాస్టిక్ సోడా నీళ్లలో 100 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే గాజు కరిగి, కొత్త స్ఫటికాలుగా కట్టుకుంటుంది. ఈ పద్ధతిని 1985లో జర్మనీకి చెందిన హోలర్, విర్షింగ్ చూపించారు. బూడిదలోని క్వార్ట్జ్, ముల్లైట్ మాత్రం అంత తేలిగ్గా కరగవు. అందుకే కొందరు ముందుగా కాస్టిక్ సోడాతో కలిపి 550 డిగ్రీల దాకా కాలుస్తారు. అప్పుడు బూడిద బరువు కంటే కాస్టిక్ సోడా బరువే ఎక్కువ పడొచ్చు. అసలు ఖర్చంతా అక్కడే.

2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ ప్లాంట్లు తమ బూడిద మొత్తాన్ని ఏదో ఒక పనికి వాడాల్సిందే. సిమెంటు, ఇటుకలు, రోడ్లు లారీల లెక్కన తీసుకుంటాయి. జియోలైట్ ఆ గుట్టని కరిగించేస్తుందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

ఉప్పునీళ్ల సంగతి

జియోలైట్ గోడల్లో సిలికాన్ ఉండాల్సిన చోట అక్కడక్కడా అల్యూమినియం కూర్చుంటుంది. దానివల్ల రుణ విద్యుదావేశం వస్తుంది. దాన్ని సరిచేయడానికి సోడియం వచ్చి నిలబడుతుంది. నీళ్లలో సీసం, రాగి, అమ్మోనియం అయాన్లు కనపడితే సోడియంని వదిలి వాటిని పట్టుకుంటుంది. మంచినీళ్లలో ఇది బాగా నడుస్తుంది. ఫ్యాక్టరీల మురుగులో లోహాలు పట్టడానికి బూడిద జియోలైట్‌కి పేరొచ్చింది ఇందుకే.

రొయ్యల గుంట అలా కాదు. సముద్రపు నీళ్లలో లీటరుకి 10 గ్రాములకి పైగా సోడియం ఉంటుంది. సగం ఉప్పదనం ఉన్న గుంటలో కూడా 5 గ్రాములు, అంటే 5,000 మిల్లీగ్రాములు. అమ్మోనియా 1 మిల్లీగ్రాము చేరితేనే రైతు కంగారు పడతాడు. ఒక్క సీటు కోసం వేల మంది సోడియం ఎగబడుతుంటే అమ్మోనియంకి చోటెక్కడిది? సహజ జియోలైట్ అయినా, బూడిద జియోలైట్ అయినా ఉప్పునీళ్లలో పట్టే శక్తి బాగా పడిపోతుంది.

బూడిద రకంతో ఇంకో రెండు చిక్కులున్నాయి. సరిగ్గా కడగకపోతే మిగిలిన కాస్టిక్ నీటి పీహెచ్ పెంచుతుంది. పీహెచ్ పెరిగితే అంతగా హాని చేయని అమ్మోనియం కాస్తా రొయ్యల్ని చంపే అమ్మోనియాగా మారుతుంది. పైగా బొగ్గుతో వచ్చిన ఆర్సెనిక్, క్రోమియం లాంటివి బూడిదలో మిగిలే ఉంటాయి. అవి నీళ్లలోకి దిగుతాయో లేదో టెస్ట్ చేయాలి.

ఫోన్ కొనేముందు బ్యాటరీ కెపాసిటీ చూసినట్టే, బస్తా కొనేముందు అయాన్ మార్పిడి సామర్థ్యం ఎంతో అడగండి. అది మంచినీళ్లలో కొలిచారా, మీ గుంట ఉప్పదనంలో కొలిచారా అన్నది కూడా అడగండి. షాపతను చెప్పలేకపోతే ఒక బకెట్‌లో మీ గుంట నీళ్లే తీసుకుని, బస్తా మీద రాసిన మోతాదులో కలిపి, ముందూ తర్వాతా అమ్మోనియా కిట్‌తో చూసుకోండి. పక్కనే జియోలైట్ కలపని బకెట్ ఇంకోటి పెట్టండి, పీహెచ్ కూడా రెండింట్లో కొలవండి.