అప్పు చేయకుండా పిల్లలను కాలేజీకి పంపగలమా?

ఇంటర్ ఫలితాలు వెలువడగానే మన గ్రామాల్లో రెండు చోట్లకు నడక మొదలవుతుంది. ఒకటి కాలేజీ, రెండవది వడ్డీకిచ్చేవారి గుమ్మం. బ్యాంకులో విద్యా రుణం దొరుకుతుంది కదా అంటారు. కాని కూలి చేసుకునే కుటుంబానికి బ్యాంకు మేనేజరు కంటే ఊరి ఆసామే దగ్గర. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే సంవత్సరానికి 24,000. నాలుగేళ్ల బి.టెక్ ముగిసేసరికి వడ్డీయే 96,000. బిడ్డ చేతికి పట్టా రాకముందే ఉన్న అరెకరం తాకట్టుకు పోతుంది.

తల్లిదండ్రులారా, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో సాధారణంగా 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, 30 శాతం మేనేజ్‌మెంటువి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. ఇంటికి వచ్చి తియ్యగా మాట్లాడే ఏజెంటును ముందు ఈ సంగతే అడగండి.

నా మట్టుకు నాకు పేద ఇంటికి తగిన దారి పాలిటెక్నిక్ అనిపిస్తుంది. పదవ తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చదివితే చిన్న ఉద్యోగమైనా చూసుకోవచ్చు. ఇంకా చదవాలంటే ఈసెట్ రాసి బి.టెక్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీ ఫీజు, హాస్టలు ఖర్చు తప్పుతాయి. ఎందుకోగాని మనవాళ్లకు డిప్లొమా అంటే చిన్నచూపు! పదిలో మంచి మార్కులు వచ్చినవారికి 2008లో స్థాపించిన నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలున్నాయి. ఆరేళ్లు అక్కడే ఉండి ఇంటరు, బి.టెక్ రెండూ పూర్తి చేయవచ్చు.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలచేత ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష రాయించండి. ఎంపికైతే 9 నుండి 12వ తరగతి వరకు ఏటా 12,000 వస్తాయి. ముట్టకుండా దాస్తే 48,000.

షెడ్యూల్డ్ కులాలనుండి క్రైస్తవులైనవారు, వారి సంతానం రెండు రాష్ట్రాల్లోను బి.సి.-సి గ్రూపులో ఉన్నారు. 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం కోసం కౌన్సెలింగ్ వారంలో తహసీల్దారు కార్యాలయం చుట్టూ (మనం ఇంకా ఎమ్మార్వో ఆఫీసనే అంటాం) తిరిగితే పని జరగదు. వేసవికి ముందే తెచ్చి పెట్టుకోవాలి.

ఇంత చేసినా ఒక చిక్కుంది. రీయింబర్స్‌మెంట్ డబ్బు నెలల తరబడి ఆలస్యమైన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోను ఉన్నాయి. అప్పుడు కొన్ని కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపుతాయి, తండ్రి ఆసామి దగ్గరకు పరుగెత్తుతాడు. సంఘంలో 20 ఇళ్లవారు నెలకు 100 చొప్పున వేసుకుంటే ఏడాదికి 24,000 అవుతుంది, పైన చెప్పిన లక్షకు ఒక ఏడాది వడ్డీ అంత. దానిని వడ్డీ లేకుండా అటువంటి ఇంటికి ఇవ్వవచ్చు. తీసుకున్నవారు ప్రభుత్వ డబ్బు రాగానే తిరిగి కట్టాలి. లెక్క ఒక్కరి చేతిలో ఉండరాదు. ఇద్దరు పెద్దలు పుస్తకంలో రాసి, మూడు నెలలకొకసారి ఆరాధన తర్వాత సంఘానికి చదివి వినిపించాలి.