నలభైలో నర్సింగ్

2022 నవంబరులో మెటా 11 వేల మందిని ఇంటికి పంపింది. మూడు నెలలు తిరిగేలోపు అమెజాన్ 18 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు చెప్పేశాయి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే చేతిలో ఉండే గడువు 60 రోజులు. అప్పట్నుంచీ ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో శనివారం సాయంత్రం నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి కలిస్తే ఎవరో ఒకరి నోట ఆ మాట వస్తోంది. ‘‘నర్సింగ్ చేస్తేనో?’’

అడిగేది ఎక్కువగా ఆడవాళ్లే. ఏళ్లతరబడి టెస్టింగ్ చేసి విసిగినవాళ్లు, భర్త వెంట హెచ్‌4 మీద వచ్చి ఇంటికే పరిమితమైన బీటెక్‌లు, నాలుగేళ్ల బీఫార్మసీతో ఇక్కడ ఫార్మసిస్టు లైసెన్సు రాదని వచ్చాక తెలుసుకున్నవాళ్లు. కోడ్ రాయడానికి ఏఐ వచ్చిందిగానీ, ఆపరేషనైన మనిషిని మంచం మీంచి లేపి నాలుగడుగులు వేయించడానికి ఇంకా రాలేదు కదా అన్నది వాళ్ల ధీమా. ఆ ధీమాలో తప్పేం లేదు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2024 మేలో రిజిస్టర్డ్ నర్సుల్లో సగం మంది ఏడాదికి 93,600 డాలర్ల కంటే ఎక్కువే సంపాదించారు. ఆస్పత్రిలో చాలామందికి వారానికి మూడు షిఫ్టులే, ఒక్కోటి 12 గంటలు.

తికమకంతా ఏ కోర్సు అన్న దగ్గరే. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉంది, దాన్ని ఏడీఎన్ అంటారు. మామూలు నాలుగేళ్ల బీఎస్‌ఎన్ ఉంది. ఇంకేదో సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్లకు ఆ బీఎస్‌ఎన్‌నే 12 నుంచి 18 నెలల్లోకి కుదించి చెప్పే ఏబీఎస్‌ఎన్ ఉంది. నేరుగా పీజీలోకి తీసుకునే డైరెక్ట్ ఎంట్రీ ఎంఎస్‌ఎన్ కూడా ఉంది. ఎటు వెళ్లినా చివర రాయాల్సింది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ అనే ఒకే పరీక్ష, చేతికొచ్చేది ఒకే లైసెన్సు. (ఏడాదిలో అయిపోయే ఎల్‌పీఎన్ వేరే లైసెన్సు. జీతమూ తక్కువే, 2024లో మధ్యస్థంగా 62,340 డాలర్లు. డిగ్రీ ఉన్నవాళ్లు అటు తిరగడం నాకైతే దండగనిపిస్తుంది.)

సలహా ఇచ్చేవాళ్లు ముందుగా డిగ్రీ పేరే చెబుతారు. మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇవాళ్టి నుంచి లైసెన్సు చేతికొచ్చేదాకా నాకు ఎన్ని నెలలు, ఎన్ని డాలర్లు?

ఒకే పరీక్షకు ఇన్ని దారులెందుకొచ్చాయో తెలిస్తే ఆ లెక్క వేయడం తేలిక. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో నర్సులకు కరువొచ్చింది. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో మిల్డ్రెడ్ మోంటాగ్ అనే ఆవిడ 1951లో తన పరిశోధన గ్రంథంలో రెండేళ్ల నర్సింగ్ కోర్సును ప్రతిపాదించింది. మరుసటి ఏడాదే కొన్ని కాలేజీల్లో ప్రయోగం మొదలైంది. ఆవిడ ఊహించింది పెద్ద నర్సు చేతికింద పనిచేసే సాంకేతిక నర్సును. వాళ్లు కూడా అదే పరీక్ష రాసి అదే లైసెన్సు తెచ్చుకోవడంతో ఆ తేడా కాగితం మీదే మిగిలింది. 1965లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ బీఎస్‌ఎన్ ఉండాల్సిందేనంది. నార్త్ డకోటా 1987లో ఆ నియమం పెట్టి, 2003లో తానే ఎత్తేసింది. న్యూయార్క్ 2017లో మధ్యేమార్గం చట్టం చేసింది. రెండేళ్ల చదువుతో చేరొచ్చు, పదేళ్లలోపు నర్సింగ్‌లో డిగ్రీ తెచ్చుకోవాలి. డెబ్బై ఏళ్లు దాటినా తెగని పంచాయతీ ఇది. దాని ఫలితంగానే రెండేళ్ల కాలేజీ ఇంకా బతికుంది, మనకది అక్కరకొస్తోంది.

‘12 నెలల’ కోర్సు ఎన్ని నెలలు?

ఏబీఎస్‌ఎన్ ప్రకటనల్లో పెద్దక్షరాల్లో ఉండే 12 నెలలు, ప్రీరిక్విజిట్లు (చేరేముందే పూర్తి చేయాల్సిన సబ్జెక్టులు) అయ్యాక మొదలవుతాయి. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, డెవలప్‌మెంటల్ సైకాలజీ, న్యూట్రిషన్. సైన్సు సబ్జెక్టులకు ల్యాబులు కూడా ఉంటాయి. అనాటమీ మొదటి భాగం కాకుండా రెండోది తీసుకోనివ్వరు. పగలు ఉద్యోగం, సాయంత్రం పిల్లల హోంవర్కు పెట్టుకుని చదివితే ఇవే ఏడాదిన్నర పడతాయి. సైన్సు మార్కులకు అయిదేళ్లో ఏడేళ్లో గడువు పెట్టే కాలేజీలు చాలా ఉన్నాయి. 2006లో బీటెక్ మొదటి ఏడాది రాసిన కెమిస్ట్రీ అక్కడ చెల్లదు. పాత డిగ్రీని అమెరికన్ డిగ్రీకి సమానమని డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో ధ్రువీకరించాలి. ఇంగ్లిష్ మీడియంలోనే చదివానన్నా కొన్ని కాలేజీలు టోఫెల్ అడుగుతాయి. పైన టీస్ లేదా హెసీ అనే ప్రవేశ పరీక్ష. అంటే ఇంటి నుంచి లెక్కేస్తే ఆ 12 నెలలు రెండున్నరేళ్లు.

ఏడీఎన్‌కూ ప్రీరిక్విజిట్లు ఉంటాయి, సీటుకు వెయిటింగ్ లిస్టులుంటాయి. కాలిఫోర్నియాలో లాటరీ తీసే కాలేజీలూ ఉన్నాయి. అయినా అన్నీ కలిపితే ఏబీఎస్‌ఎన్ కంటే ఓ ఏడాది ఎక్కువ పడుతుందేమో. డబ్బులో మాత్రం తేడా భారీగా ఉంటుంది. సొంత కౌంటీ వాళ్లకు కమ్యూనిటీ కాలేజీ మొత్తం ఖర్చు చాలాచోట్ల పది, పదిహేను వేల డాలర్లలో తేలుతుంది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ ఏబీఎస్‌ఎన్‌కు లక్ష డాలర్ల దాకా అవుతుంది. పైగా ఆ కోర్సు నడిచినన్నాళ్లు ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. ఇదివరకే డిగ్రీ ఉన్నవాళ్లకు పెల్ గ్రాంట్ రాదు. డైరెక్ట్ ఎంట్రీ ఎంఎస్‌ఎన్ వాళ్లు ఆధారపడే గ్రాడ్ ప్లస్ అప్పులు కూడా 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకు లేవు.

నా మట్టుకు నేను, చిన్నపిల్లలున్న ఇంటికి, దగ్గర్లో మంచి కమ్యూనిటీ కాలేజీ ఉంటే, ఏడీఎన్‌కే ఓటేస్తాను. ఉద్యోగంలో చేరాక ఆస్పత్రి ఇచ్చే ఫీజు సాయంతో బీఎస్‌ఎన్ ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకోవచ్చు. పిల్లలు హైస్కూలుకొచ్చి, పదిహేను నెలలు వంటగదిని అత్తగారో భర్తో చూసుకుంటామంటే, చేతిలో డబ్బుంటే, ఏబీఎస్‌ఎన్ బాగానే ఉంటుంది. పెద్ద నగరాల్లో ‘మాగ్నెట్’ గుర్తింపున్న ఆస్పత్రులు కొత్తవాళ్లలో బీఎస్‌ఎన్ వాళ్లనే ముందు పిలుస్తాయి. మీ ఊరి ఆస్పత్రుల ఉద్యోగ ప్రకటనలు పది తెరిచి చూస్తే సంగతి మీకే తెలుస్తుంది.

వీసా సంగతి ముందే చూసుకోవాలి

హెచ్‌4 మీద చదువుకోవచ్చు, పనిచేయకూడదు. అయితే 2015 మే నుంచి కొందరికి హెచ్‌4 ఈఏడీ (పని పర్మిట్) ఇస్తున్నారు, సాధారణంగా దానికి భర్తదో భార్యదో గ్రీన్‌కార్డు పిటిషన్ (ఐ-140) ఆమోదం పొంది ఉండాలి. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సుకే సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు, ఈఏడీ లేకుండా హెచ్‌4 వాళ్లకు ఆ నంబరు రాదు. పోనీ ఆస్పత్రే హెచ్‌1బీ వేస్తుందిలే అనుకుంటే, మామూలు వార్డు నర్సు ఉద్యోగం దానికి సరిపోదు. డిగ్రీ తప్పనిసరైన కొలువులకే ఆ వీసా, నర్సుకేమో రెండేళ్ల చదువు చాలు. చౌకచదువు తెచ్చిపెట్టిన మోంటాగ్ పుణ్యమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. గ్రీన్‌కార్డుకు నర్సులకు లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదన్నది నిజమే. కానీ భారతీయులం కాబట్టి నిలబడాల్సింది అదే పొడవాటి క్యూలో. ఈఏడీ చేతికొచ్చే దారి కనబడేదాకా ప్రీరిక్విజిట్లు ఒకటీ అరా చదువుకోండి, పెద్ద ఫీజు కట్టకండి.

ఇక ఇంట్లో మాట. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మకు ఫోన్లో చెబితే ‘‘ఇంత చదివించింది బెడ్‌పాన్లు ఎత్తడానికా తల్లీ?’’ అంటుంది. ఎత్తాలి. సహాయకులు ఖాళీగా లేనప్పుడు ఎత్తేది నర్సే. కాకపోతే అదే నర్సు డాక్టరు రాసిన మోతాదులో తేడా కనిపెట్టి మందు ఆపేసి, డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతుంది. కోర్సులో మోతాదుల లెక్కల పరీక్షకు నూటికి తొంభై పైన మార్కులు రాకపోతే క్లినికల్స్‌కు (ఆస్పత్రిలో రోగుల మధ్య చేసే శిక్షణకు) పంపని కాలేజీలున్నాయి. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే రోగికి పదింతల మందు వెళ్తుంది, అందుకే అంత పట్టు.

ఎన్‌క్లెక్స్ ఎలా ఉంటుందో చూడాలంటే ఇలాంటి ప్రశ్న ఊహించుకోండి. మీ వార్డులో నలుగురు. ఒకాయనకు ఆపరేషన్ నొప్పి పదికి ఏడు. ఒకామెకు షుగర్ 210. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు (సీఓపీడీ) ఉన్న పెద్దాయనకు ఆక్సిజన్ 90 శాతం. మోకాలి చిప్ప మార్పిడై రెండో రోజున్న ఆమె ఉన్నట్టుండి ఆయాసపడుతోంది. ముందు ఎవరి దగ్గరికి? బట్టీపట్టి వచ్చినవాళ్లు 90 చూసి పెద్దాయన దగ్గరికి పరిగెడతారు. ఆయనకు ఆ అంకె మామూలే. మోకాలి ఆపరేషన్ ఆమెకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. 85 నుంచి 150 దాకా ఇలాంటి ప్రశ్నలు, అయిదు గంటల గడువు. ప్రొడక్షన్‌లో ఏ టికెట్ ముందు తీయాలో ఏళ్లతరబడి తేల్చినవాళ్లకు ఈ ఆలోచన కొత్తది కాదని నా నమ్మకం.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు వెబ్‌సైటులో రెండు చూడండి. కాలేజీకి బోర్డు ఆమోదం, దాంతోపాటు ఏసీఈఎన్ లేదా సీసీఎన్‌ఈ గుర్తింపు ఉందా? మొదటి ప్రయత్నంలో ఎన్‌క్లెక్స్ పాసైనవాళ్లు ఎంతమంది? 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వం ‘ఆపరేషన్ నైటింగేల్’ పేరుతో ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ల గుట్టు బయటపెట్టింది. అక్కడ 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు అమ్ముకున్నారు. క్లినికల్స్ అక్కర్లేదు, తొందరగా అయిపోతుంది అని ఎవరైనా చెబితే అక్కడే లేచి వచ్చేయండి.

చిన్న సంగతి ఒకటి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనలో చాలామందికి చేతి మీద చేసే టీబీ పరీక్ష పొంగి పాజిటివ్ అనిపిస్తుంది. రక్తపరీక్ష చేయించుకుంటానని ముందే అడగండి, క్లినికల్స్ చేరే వారంలో ఎక్స్‌రేల కోసం తిరిగే బాధ తప్పుతుంది.

ఈ పని చేయగలనా అన్న అనుమానం తీర్చుకోవడానికి సీఎన్‌ఏ అనే నర్సు సహాయకుల కోర్సు ఉంది. కొద్ది వారాల్లో అయిపోతుంది. పని పర్మిట్ ఉంటే రెండు నెలలు వారాంతాల్లో ముసలివాళ్ల సంరక్షణ కేంద్రంలో చేయండి, లేకపోతే ఆస్పత్రిలో వాలంటీరుగా వెళ్లండి. అర్ధరాత్రి పక్క తడిపిన మనిషికి దుప్పటి మార్చి, ఆయన తిట్లు విని, మళ్లీ ఆదివారం వెళ్లాలనిపిస్తుందో లేదో ఫాల్ సెమిస్టర్ ఫీజు కట్టేలోపే తేలిపోతుంది. అనాటమీ ల్యాబులో సాయంత్రం సీట్లు మాత్రం ఇట్టే నిండిపోతాయి, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే కంప్యూటర్ ముందు కూర్చోవాలి.