గుద్ది పారిపోతే తప్పు రెండింతలు
బండి నడిపేవారు తెలుసుకోవలసిన కేసు సంగతులు

భద్రాచలం: మిరప కోతల కాలం వచ్చిందంటే కొత్తగూడెం - భద్రాచలం రోడ్డు మీద పొద్దుగూకే వేళ బండి నడపడం కత్తి మీద సామే. ఎదురుగా బొగ్గు లారీల లైట్లు కళ్లలో కొడుతుంటాయి. అడవి నుంచి మళ్లిన పశువులు రోడ్డెక్కుతాయి. కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, ట్రాక్టరు ట్రక్కులు సరేసరి. ఇంతలో ఎవరో అడ్డం వస్తారు. బ్రేకు పడేలోపు జరగరానిది జరిగిపోతుంది.

అప్పుడు డ్రైవరుకు తోచే మొదటి ఆలోచన పారిపోవడం. రెండోది, లైసెన్సున్న మరొకరిని డ్రైవరుగా పోలీసులకు చూపించడం. మూడోది, పెద్దమనుషుల్లో ఎంతో కొంత ముట్టజెప్పి కాగితం రాయించుకోవడం. ఈ మూడింటిలో ఏదీ గట్టెక్కించేది కాదు.

ముందు చేయవలసింది

దెబ్బ తగిలినవారిని దగ్గరి ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు విధి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతోంది. 24 గంటల లోపల పోలీసు స్టేషనులో తెలియజేయాలి. జనం కొడతారనే భయం వుంటే? చట్టం దానినీ గమనించింది. గుంపు ఆగ్రహం వల్ల అక్కడ నిలబడలేకపోతే తప్పు పట్టదు. కాని ఆ భయంతో వెళ్లేవాడు అడవిలోకి కాదు, నేరుగా స్టేషనుకు వెళ్లాలి. ఊరికే పారిపోతే 6 నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇది అసలు కేసుకు అదనం.

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఇదివరకు 2 సంవత్సరాల దాకా వున్న జైలు శిక్ష 106వ సెక్షను కింద 5 సంవత్సరాల దాకా పెరిగింది. చెప్పకుండా పారిపోయినవారికి 10 సంవత్సరాలు అన్న భాగంపై 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. మిగతా చట్టం అమలైన రోజున ఆ భాగాన్ని మాత్రం ఆపి వుంచారు.

కేసు పడితే

నిర్లక్ష్యం వల్ల మరణం కేసులో జామీను అడగడం డ్రైవరు హక్కు. స్టేషనులోనే ఇవ్వవచ్చు. వారం లోపల జామీనుదారులను తేలేని పేదవాణ్ణి సొంత పూచీకత్తు మీద వదలాలి. తాగి నడిపితే మాత్రం ఇంతకంటె గట్టి సెక్షను పడవచ్చు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నట్లు చెప్పిన మాట కోర్టులో రుజువుగా పనికిరాదు. అయినా ఖాళీ కాగితం మీద సంతకమో, వేలిముద్రో వేయకూడదు. చదువు రానివారు కాగితంలో ఏముందో చదివించుకొని వినాలి.

బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరీక్షిస్తారు. బ్రేకు చెడిందా లేదా అన్నది ఆ రిపోర్టులో వుంటుంది. ఆ రిపోర్టు, పంచనామా, ఎఫ్.ఐ.ఆర్. నకళ్లు ప్లీడరు చేతిలో వుండాలి. వాయిదాకు పోకపోతే వారంటు వస్తుంది.

డ్రైవరు మార్పిడి మరీ ప్రమాదం. అబద్ధం బయటపడితే చెప్పినవాడూ, చెప్పించినవాడూ ఇరుక్కుంటారు. మైనరు పిల్లవాడికి బండి ఇస్తే తండ్రికి గాని, బండి ఓనరుకు గాని 3 సంవత్సరాల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా.

కేసు పడితే దోషేనా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1993లో ఆర్టీసీ బస్సు ఎక్కుతున్న ఒక మహిళ జారి పడి చక్రం కింద మరణించింది. డ్రైవరుకు కింది కోర్టులో శిక్ష పడింది. 2000లో సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. ప్రమాదం జరిగినంత మాత్రాన డ్రైవరుదే తప్పని అనుకోరాదని చెప్పింది. వేగంగా నడిపాడన్న ఒక్క మాట నిర్లక్ష్యానికి రుజువు కాదని 1998లో కర్ణాటక కేసులో తేల్చింది. అందుకే కొద్దిపాటి జరిమానాతో పోతుందని ఎవరో చెప్పగానే ప్లీడరును అడగకుండా తప్పు ఒప్పుకోరాదు. తప్పు రుజువైతే మాత్రం కనికరం తక్కువ. ప్రాణం తీసిన డ్రైవర్లను మందలించి వదిలే పద్ధతి కూడదని 2000లోనే సుప్రీంకోర్టు అన్నది.

ప్లీడరు ఫీజుకు డబ్బు లేదని దిగులు పడనక్కర లేదు. గిరిజనులకు, హరిజనులకు, స్త్రీలకు, జైల్లో వున్నవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. 15100కు ఫోను చేయవచ్చు.

చివరికి ఒక మాట. పెద్దమనుషుల్లో రాసుకున్న కాగితంతో మరణం కేసు మాఫీ కాదు. క్రిమినల్ కేసు కొట్టేసినా నష్టపరిహారం కేసు విడిగా నడుస్తుంది. బండికి బీమా, చేతిలో లైసెన్సు వుంటే చచ్చినవారి పిల్లలకు కూడు దొరుకుతుంది, డ్రైవరు పొలమూ మిగులుతుంది. తాళం తిప్పే ముందు ఆ రెండు కాగితాలూ చూసుకోవడం మంచిది.