పేటెంటు లేని బోరింగు

తిరుపతి జిల్లా ఏర్పేడు చుట్టుపట్ల పల్లెల్లో బడి దగ్గరో గుడి ముందో కనబడే బోరింగును ఒకసారి నిలబడి చూడండి. సిమెంటులో పాతిన మూడు కాళ్లు, వాటి మీద ఇనుప పెట్టె, పొడవాటి పిడి ఉంటే అది ఇండియా మార్క్-2 రకం. కరువులోంచి పుట్టి ఎన్నో దేశాల దాహం తీర్చిన చేతిపంపు అది.

1966-67లో బీహారును కరువు కుదిపేసింది. ఆ రోజుల్లోనే యూనిసెఫ్ గాలి ఒత్తిడితో బండను తొలిచే యంత్రాలను మన దేశానికి తెప్పించింది. చేదబావులు ఎండిన రాతినేలల్లో బోర్లు పడ్డాయి. వాటి మీద బిగించిన పోత ఇనుప పంపులు మాత్రం నిలవలేదు. అవి ఒక ఇంటి వాడకానికి చేసినవి. ఊరంతా పొద్దస్తమానం కొడుతుంటే కీళ్లు అరిగేవి, పిడులు విరిగేవి. 1970ల నడుమ లెక్క చూస్తే దాదాపు ముప్పాతిక వంతు పంపులు మూలనపడి ఉన్నాయి.

దారి చూపింది మహారాష్ట్ర. అక్కడి జాల్నాలో, తర్వాత షోలాపూర్‌లో క్రైస్తవ సేవాసంస్థల మెకానిక్కులు గట్టి ఉక్కు పంపు తయారుచేసుకున్నారు. దాన్ని యూనిసెఫ్, కేంద్ర ప్రభుత్వం, మద్రాసులోని పరిశోధన సంస్థ మెరాడో, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం కలిసి మెరుగుపరిచాయి. కోయంబత్తూరు దగ్గర లోతు బోర్ల మీద పరీక్షించాక 1970ల చివర తయారీ మొదలైంది. 1979లో భారతీయ ప్రమాణం వచ్చింది.

దీని కీలకం పెట్టె లోపలి చెయినులో ఉంది. పిడి నొక్కితే చెయిను రాడ్డును నిటారుగా పైకి లాగుతుంది. పిడి ఎత్తితే రాడ్డు తన బరువుతో తానే దిగుతుంది. రాడ్డు మీద ఎప్పుడూ లాగుడే తప్ప నెట్టుడు ఉండదు కాబట్టి అది వంగదు. పిడి బాల్ బేరింగుల మీద తిరుగుతుంది కాబట్టి త్వరగా అరగదు. అడుగున సిలిండరులోని వాషర్లు నీటిని పట్టి ఎత్తుతాయి. సుమారు 50 మీటర్ల లోతు నుంచి కూడా ఆడవాళ్లు, పిల్లలు నీళ్లు కొట్టుకోగలిగారు. బోరు చుట్టూ వేసిన సిమెంటు గట్టు మురుగును లోపలికి దిగనివ్వదు.

యంత్రం ఎంత గొప్పదో, దాన్ని పంచుకున్న పద్ధతీ అంత గొప్పది. దీనికి పేటెంటు తీసుకోలేదు. కొలతలు ప్రమాణంలోనే ఉన్నాయి, ఏ కర్మాగారమైనా చేయవచ్చు. ఒకచోట చేసిన విడిభాగం మరోచోటి పంపుకు అమరుతుంది. తమిళనాడులో ఊరికొక సంరక్షకుడు, బ్లాకుకొక మెకానిక్కు, జిల్లాకొక సంచార బృందం అనే మూడంచెల ఏర్పాటు చేశారు. అయినా వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాల్సి వచ్చేది. ఆ కష్టం తీర్చడానికి మార్క్-3 వచ్చింది. అందులో పైపులు కదపకుండానే పిస్టను బయటికి తీయవచ్చు.

తర్వాత రాయలసీమలో సేద్యపు బోర్లు వందల అడుగులకు దిగాయి. నీటిమట్టం పడిపోయిన చోట బోరింగులు ఎండాయి. ఓవర్‌హెడ్ ట్యాంకులు, కుళాయిలు వచ్చాక మిగిలినవాటినీ జనం మరిచారు. కానీ మోటారుకు కరెంటు కావాలి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగినట్టు ఏరు ఊరి మీదికొస్తే ముందు పోయేది ఆ కరెంటే. అప్పుడు క్లోరిన్ వేసి శుద్ధిచేసిన బోరు మీద పనిచేసే బోరింగు ఒక్కటున్నా వీధికి వీధే నిలబడుతుంది.

అందుకే ప్రతి పంచాయతీ కొన్ని బోరింగులనైనా బాగుచేయించి ఉంచాలి. వాషర్లు, చెయిన్లు, పైపులు ఎత్తే పనిముట్లు ఊళ్లోనే ఉండాలి, వాటిని వాడటం నేర్చిన స్త్రీ పురుషులూ ఉండాలి. ఏర్పేడు దగ్గరే ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. అక్కడి విద్యార్థులు చుట్టుపక్కల ఊళ్ల బోరింగుల నీటిని పరీక్షించి, మరమ్మతులో చేయి కలిపితే చదువుకూ ఊరికీ మేలు. ఆపదలో అక్కరకొచ్చేది ఊరివాళ్లు తమ చేతులతో బాగుచేసుకోగల యంత్రమే.