కరెంటు పోయినా చెరగకుండా

బ్యాంకు సర్వర్ ఒక లెక్కను సేవ్ చేశానని చెప్పే సమయానికి అది డిస్కులోకి చేరి ఉండకపోవచ్చు. సర్వరుకూ డిస్కులకూ మధ్య ఉండే స్టోరేజ్ కంట్రోలర్ దాన్ని ముందు తన క్యాష్ మెమరీలో పెట్టుకుని, అందిందని వెంటనే జవాబిచ్చేస్తుంది. డిస్కు మీద రాసే పని ఆ తర్వాత. తిరిగే డిస్కుకు ఒక్కో రాతకూ కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతిసారీ అంతసేపు ఆగాలంటే పని సాగదు.

చిక్కల్లా ఆ క్యాష్ డీర్యామ్ కావడమే. ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంట్ పొందిన ఈ మెమరీలో ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో నిలవుంటుంది. చిల్లికుండలో నీళ్లలా ఆ ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు అన్నిటినీ ఒకసారి చదివి తిరిగి నింపుతుంటారు. కరెంటు పోతే ఈ పని ఆగకుండా చూసేది బ్యాకప్ బ్యాటరీ. చాలా కంట్రోలర్లలో అది క్యాష్‌ను రెండు మూడు రోజులు కాపాడగలదు.

అయితే మనమే కావాలని యంత్రాన్ని ఆపినప్పుడు?

డిజిటల్ కంపెనీని 1998లో కాంపాక్ కొన్నాక కాంపాక్ పేరుతో అమ్ముడైన హెచ్ఎస్‌జీ80 కంట్రోలర్‌ను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. దానికి క్యాష్ బ్యాటరీ విడిగా బయట ఉంటుంది. షట్‌డౌన్ కమాండ్ ఇవ్వగానే కంట్రోలర్ క్యాష్‌లో మిగిలిందంతా డిస్కులకు రాస్తుంది. ఎంత మిగిలి ఉంటే అంతసేపు పడుతుంది. రీసెట్ బటన్‌లోని దీపం మిణుకుమనడం మాని నిలకడగా వెలిగాకే పవర్ తీయాలి. తొందరపడి 'ఇమ్మీడియట్' అన్న మాట జోడిస్తే రాయకుండానే ఆగిపోతుంది. అప్పుడిక భారమంతా బ్యాటరీదే.

చాలామంది మరిచిపోయేది దీని తర్వాతి మెట్టు. క్యాష్ ఖాళీ అయినా బ్యాటరీకి ఆ సంగతి తెలియదు. దేనికోసమో తెలియకుండానే కరెంటు ఇస్తూ పోతుంది. యంత్రం ఒక రోజుకు మించి ఆగి ఉండేటట్లయితే, బ్యాటరీని ఆపే స్విచ్‌ను దాని దీపం ఆరేదాకా, సుమారు 5 సెకన్లు, నొక్కి పట్టుకోవాలి. ఈ 5 సెకన్ల పని చేయకపోతే బ్యాటరీ అడుగంటుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. లిథియం అయాన్ సెల్ మరీ దిగజారితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి ఆన్ చేసినా, బ్యాటరీ నిండేదాకా కంట్రోలర్ క్యాష్‌ను నమ్మదు. ప్రతి రాతా నేరుగా డిస్కుకే వెళ్తుంది, సర్వర్ మందగిస్తుంది.

కొత్త కంట్రోలర్ కార్డులు దారి మార్చాయి. కరెంటు పోగానే సూపర్ కెపాసిటర్ కొద్దిసేపు శక్తినిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో క్యాష్ మొత్తం ఫ్లాష్ మెమరీలోకి వెళ్లిపోతుంది. ఫ్లాష్‌కు కరెంటు అక్కర్లేదు కనుక రోజులు లెక్కపెట్టే పని తప్పింది.

పద్ధతిగా ఆపే పని మాత్రం తప్పలేదు. ముందు సర్వర్లు, తర్వాత కంట్రోలర్, చివర డిస్కు పెట్టెలు ఆపాలి, వెలిగించేటప్పుడు తిరగేసి. ముఖ్యంగా డిస్కులను వేరే యంత్రానికి మార్చే రోజున ఇది ప్రాణావసరం: రాయకుండా మిగిలిన ముక్క పాత కార్డులోనే ఉండిపోతే, కొత్త యంత్రం ఆ లోటు గుర్తించలేక సగం రాసిన ఫైళ్లనే అసలైనవని చదువుకునే ప్రమాదం ఉంది.