ఫ్లించ్‌కి తెలుగేమిటి?

పోయినేడాది మా అమ్మాయికి ఫ్లూ టీకా వేయించడానికి క్లినిక్‌కి వెళ్ళాం. నర్సు సూది చేతిలోకి తీసుకుని "డోంట్ ఫ్లించ్" అంది. ఇండియా నుంచి వచ్చి మా దగ్గరుంటున్న మా అమ్మ "ఏవందిరా?" అని అడిగింది. "కదలొద్దంటోందమ్మా" అన్నాను. "కదలడం అంటే మూవ్ కదా నాన్నా, ఫ్లించ్ వేరు" అంది మా అమ్మాయి. నిజమే. మరి తెలుగులో ఏమనాలి?

నొప్పో, భయమో, హఠాత్తుగా చప్పుడో ఎదురైతే, మన ప్రమేయం లేకుండానే ఒళ్ళు చటుక్కున వెనక్కి తగ్గుతుంది. అదీ ఫ్లించ్. 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మొదటి అర్థం పక్కకి తప్పుకోవడం. దీనికి దాయాదులు ఇద్దరున్నారు. నొప్పికి మొహం చిట్లిస్తే విన్స్. భయంతోనో సిగ్గుతోనో ముడుచుకుపోతే క్రింజ్. అంటే ఒంట్లో ఏం కదిలిందో చూసి ఇంగ్లీషు పేరు పెడుతుంది.

మన భాష ఎందుకు కదిలిందో చూస్తుంది. తలుపు ధడాలుమంటే ఉలిక్కిపడతాం. పెద్దాయన ముందు నోరు విప్పడానికి జంకుతాం. వంగి బరువెత్తితే నడుం కలుక్కుమంటుంది. దాచుకున్న మాట ఎవరైనా బయట పెడితే గతుక్కుమంటాం. అందుకే ఫ్లించ్‌కి ఒక్క మాట వెతికితే దొరకదు. సందర్భం చెబితే నాలుగు దొరుకుతాయి.

వాడుకలో ఇంకో సంగతి. దేన్ని చూసి అదిరిపడ్డామో చెప్పాలంటే 'ఫ్లించ్ ఎట్' అంటారు. కష్టమైన పని నుంచి వెనక్కి తగ్గితే 'ఫ్లించ్ ఫ్రమ్'. ఈ రెండో అర్థంలో తరచు 'వితౌట్ ఫ్లించింగ్' అనో, 'అన్‌ఫ్లించింగ్' అనో 'లేదు' చేర్చి మరీ వాడతారు. మనమూ అంతేగా! "జంకూ గొంకూ లేకుండా", "తొణక్కుండా, బెణక్కుండా" అంటాం. ధైర్యాన్ని మెచ్చుకోవడానికి రెండు భాషలూ భయం మాటనే అరువు తెచ్చుకుంటాయన్నమాట.

ఆ వారమే కిరాణా సామాన్లకి వెళ్ళాం. మా అమ్మ ఆ చివర్నించి "ఒరేయ్, బెండకాయలు లేతగా ఉన్నాయిరా!" అని గట్టిగా కేకేసింది. నలుగురూ తిరిగి చూశారు. నేను తల వంచుకుని బండి తోసుకుంటూ పోయాను. కారెక్కాక మా అమ్మాయి మెల్లిగా అడిగింది: "నాయనమ్మ తెలుగులో పిలిస్తే ఎందుకు ఫ్లించ్ అయ్యావు నాన్నా?"

ఏం చెప్పను? గతుక్కుమన్నాను.

అన్నట్టు, ఆ రోజు క్లినిక్‌లో సూది గుచ్చినప్పుడు తను మాత్రం తొణకలేదు, బెణకలేదు.